వలకన్ను

గోల్ఫంటే ఏటో నాకు తెల్దు.
వలంటే తెలుసు.
కళింగపట్నం లైటుహౌసు నీడ
పొద్దున్నే పడే జాగాలో
నలబయ్యేళ్లుగా సూదీ దారమూ పట్టుకు కూకున్నాను.
మైలపల్లి కొర్లయ్య నా పేరు.
సంద్రం సింపింది నాను కుడతాను, అంతే.

మా సెల్లి కొడుకు దానేసు
విశాపట్నంలో పెద్దోళ్ల సంచులు మోసీవోడు.
ఒక్కో సంచీలో పద్నాలుగు కర్రలంట,
ఏ కర్ర ఎప్పుడందించాలో
ఆడినోడికన్నా మోసినోడికే తెల్సంట.
సోమారం మైదానానికి సెలవు.
ఆదోరం రాత్రి ఆఖరి బస్సు దిగి
తెల్లారీసరికి నా ముంగట నిలబడ్డాడు.
"మావా, పాత వలొకటి ఇయ్యి."
"ఏ సేపలకిరా?"
"బంతులకి."

రెండు సరుగుడు రాటల మద్దిన కట్టేను,
పీతలు కూడా నవ్వీలాటి వల.
ఆడికి ఒకటే కర్ర,
ఎవులో కోపంలో ఇరగ్గొట్టి పారేసింది,
లోపల ఇనపకడ్డీ దూర్చి అతికించుకున్నాడు.
బంతులు పదకొండు.

ఓలమ్మ, ఆ మొదటి నెల ఏటి సెప్పమంటావు!
పైనొక సిల్లు, కిందొక సిల్లు,
తెప్పకో దెబ్బ,
ఎండేసిన కవ్వళ్ల మీన ఒకటి.
బంతి తీసి పులుసులో ఎయ్యనా అంది మా ఇంటిది.

నానేటీ అన్లేదు.
సిరిగింది కుట్టేను.
కుట్టీవోడికి తెలుస్తాది గదా
ఏది ఎక్కడ తగిలిందో, ఎంత ఇసురుగా తగిలిందో.

రెండో ఏటికి సిల్లులు దగ్గిరకొచ్చినాయి,
మాపటేళ కోళ్లు గూటికొచ్చినట్టు.
మూడో ఏటికి
నా అరసెయ్యంత జాగా.
అక్కడే కుడతాను, అక్కడే తెగుతాది,
మళ్లీ సోమారం అక్కడే.
అప్పుడన్నాను మా సెల్లితో,
"నీ కొడుక్కి పనొచ్చిందే."
ఆట సూసి కాదు.
దారం కండి ఎంత అరిగిందో సూసి.

ఇసకలోంచి బంతిని లేపడం శానా కష్టమంట.
దానికీ ఓ మేస్టరుంటాడంట, గంటకింత అని.
మా వోడికి ఇసక కొత్తా?
ఆటు దిగినాక తడిసిన ఇసక,
మజ్జానం కాలిన ఇసక,
వంశధార తెచ్చిపోసిన బరక ఇసక,
దేనికా దెబ్బ ఏరే కొట్టీవోడు.
నాకు మాత్రం కళ్లలో పడీది.

పోటీకెల్లినప్పుడు
సంచీ మోయించుకున్న డాక్టరు సాంబమూర్తిగారు పాత బూట్లిచ్చేరు.
రెండంగుళాలు పెద్దవి.
ముందర పొందూరు దూది కుక్కుకున్నాడు.
ఫీజుకి మా సెల్లి డ్వాక్రాలో అప్పు తీసింది.
రెండు రాత్రులు రైలు.

ఒక్క దెబ్బలో పోయింది.
కర్ర తగలకముందే బంతి రవ్వంత కదిలిందంట.
ఎవులూ సూళ్లేదు.
ఈడే సెయ్యెత్తి సెప్పీసినాడంట.
"ఎందుకు సెప్పినావురా ఎర్రోడా?"
నా సూది కేసి సూసేడు.
"నడిసంద్రంలో తెగుతాదని తెలిసీ
ఎండకి పెళుసెక్కిన దారం
ఎప్పుడన్నా ఎట్టినావా మావా?"
ఆ మాటకి నా కాడ జవాబు నేదు.
కోపం మాత్రం నాల్రోజులుంది.
అప్పెవుడు తీరుస్తాడు?

నాలుగు సోమారాలు రానేదు.
అయిదోది ఒచ్చి కొట్టేడు,
కాకులు పొడిసినట్టు వలంతా సిల్లులు.
తెల్లారేవరకూ లాంతరెట్టుకు కుట్టేను.
అద్దీ ఇద్దీ అన్లేదు.
ఏ పొద్దు ఏ సిల్లు పడిందో ఆడికీ సెప్పలేదు.

పయ్యేడు మళ్లీ ఎల్లేడు. ఈసారి కార్డొచ్చింది.
ఫోన్లో "మావా" అన్నాడు,
తరవాత ఏటీ అన్లేదు,
గాలి మాత్రమే ఇనిపించింది.

మొన్న పేపరబ్బాయి ఒచ్చేడు.
ఏటి సేస్తే ఇంతోడైనాడు అని అడిగేడు.
మా సెల్లి అప్పు సంగతి సెప్పింది,
ఇంకా ఎనిమిది కిస్తీలున్నాయంది.
నాను వల కాడికి తీస్కెల్లి సూపించేను.
"ఇదిగో బావూ, ఈ అరసెయ్యంత జాగాలో
ఇప్పుడు వల నేదు.
అంతా కుట్టే."

బాగుంది తాతా అని
లైటుహౌసుకి ఫోటో తీసుకుని ఎల్లిపోయేడు.